తడి తగలకూడని నేల

అరవై రెండో మూర ముడివేసి, దారం తెంపి, దండను తడిగుడ్డ కిందికి నెట్టింది అప్పలమ్మ. గోడమీద గడియారం పదకొండున్నర చూపిస్తోంది. పొద్దున అయిదింటికి కూర్చున్న మనిషి. మధ్యలో రెండుసార్లు కాఫీకి ఆగింది, అంతే. ఇంకా నలభై ఎనిమిది మూరలున్నాయి. సాయంత్రం ఆరింటికల్లా నూట పది మూరల మల్లెలు లిటిల్ ఇండియాలో వేలాయుధం పూలకొట్టుకి చేరాలి, అక్కడినుంచి గుడికి వెళ్లాలి. చేరకపోతే ఏమవుతుందో వేలాయుధం నిన్ననే తేల్చి చెప్పాడు. ఈ ఒక్కసారి చూస్తాననీ, సరిగ్గా వస్తే మళ్లీ రోజూ పని ఇస్తాననీ, రాకపోతే ఇక తన కొట్టు మెట్లు ఎక్కవద్దనీ అన్నాడు.

ఆమె హాలు మధ్యలో నేలమీద కూర్చుంది. కింద పాత షవర్ కర్టెన్, దానిమీద రెండు గోనెసంచులు, వాటిమీద తడిపి పిండిన నూలుచీర. గాజుబల్లను కూతురు కల్పన పొద్దున్నే పడకగదిలోకి తోసేసింది. సోఫాను గోడకి నిలబెట్టారు. కుడికాలు చాపి, దారం బొటనవేలికి తగిలించి, ఎడమచేత్తో పూలు జతపెడుతుంటే కుడిచెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. అరవై ఏడేళ్ల మనిషికి అందులో ఆలోచించవలసింది ఏమీ లేదు. వేళ్ల చివర్లు ఎప్పుడో మొద్దుబారాయి. లోపల కూడా అలాగే ఉందని ఈమధ్య ఆమెకే అనిపిస్తోంది. ఏడుపు రావలసినచోట ఏడుపు రావడం లేదు, కోపం రావలసినచోట కోపం రావడం లేదు. తిన్నావా అంటే తిన్నాననీ, పడుకో అంటే పడుకుంటాననీ అంటూ రోజులు వెళ్లదీస్తోంది.

వంటగదిలో ఫోన్ మోగింది. కల్పన మాట్లాడి, తడిచేతులతో హాల్లోకి వచ్చింది. శుక్రవారం ఆమెకు సెలవు. వారానికి సెలవు అదొక్కటే.

"అమ్మా, గీతాంజలి మేడమ్. టీవీవాళ్లు రేపు కాదంట. ఈ రోజే వస్తారంట, రెండు గంటలకి."

"రేపని కదేటి సెప్పినారు?"

"యాంకర్‌కి రేపు వేరే షూటింగ్ పడిందంట. ఈ రోజు తప్పితే మళ్లీ డేట్ లేదంట. భువనకి ఇస్తామన్న లాప్‌టాప్ కూడా తెస్తున్నారు." కల్పన నేలమీది పూలవైపు, బకెట్ వైపు, నిలబెట్టిన సోఫావైపు చూసింది. "అమ్మా, ఇవన్నీ తీసీయాల."

అప్పలమ్మ చేతులు ఆగలేదు. పూలు జతపెట్టి ముడివేసింది.

ఏడాది కిందట ఆ టీవీవాళ్లే ఇదే ఇంటిని ఆరు రోజుల్లో మార్చేసి, ఏడో రోజున తలుపు తెరిచి చూపించారు. కార్యక్రమం పేరే 'ఏడో రోజు'. బీదసాదల ఇళ్లు వెతికి, రంగులు వేసి, సామాన్లు పెట్టి, ఇంటివాళ్ల మొహాలు చూపిస్తారు. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడతారు, కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. దానికి ఉత్తరం రాసింది మనవరాలు భువనే. బెడోక్‌లో రెండు గదుల అద్దె ఫ్లాట్ అనీ, ఇంట్లో నల్లులనీ, అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులనీ, తను నేలమీద బోర్లా పడుకుని చదువుకుంటున్నాననీ రాసింది. అన్నీ నిజాలే. పూల సంగతి రాయలేదు. అదొక కష్టమని ఆ పిల్లకు తోచలేదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే.

ఇల్లు చూడ్డానికి వస్తున్నారనగానే అప్పలమ్మ చేసిన మొదటి పని పూల బకెట్లు దాచెయ్యడం. విజయనగరం పక్కన గరివిడినుంచి పంతొమ్మిదేళ్లకి పెళ్లికూతురై సముద్రం దాటి ఈ ఊరొచ్చింది. షిప్‌యార్డులో పనిచేసే మొగుడు రామన్న పోయాక పూలు కట్టడం నేర్చుకుంది. ఈ ముప్ఫై ఏళ్లలో ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు ఎవడు తలుపు కొట్టినా ఆమె ముందు పూలు దాచేది. సర్కారు అద్దె ఇంట్లో వ్యాపారం చేస్తున్నావంటే ఇల్లు ఖాళీ చెయ్యమంటారని భయం. చెయ్యకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెయ్యొచ్చనీ ఎవరూ చెప్పలేదు. అదిగాక నలుగురు ఇంటికొస్తున్నప్పుడు నేల తడితడిగా ఉంటే ఏం మర్యాద? పూలు నిలవుంచే తుప్పు ఫ్రిజ్‌ను పక్కింటి రొకియా ఇంట్లోకి తోయించింది. వయసులో తనకన్నా పదేళ్లు చిన్నదైనా అప్పలమ్మ కూడా అందరిలాగే రొకియాను మక్‌చిక్ అనే పిలుస్తుంది, మలయ్ భాషలో పిన్ని అన్నట్టు. ఆ మహాతల్లి కొడుకుల చేత ఫ్రిజ్ మోయించి, వారంపాటు తన ఇంట్లో ఉంచుకుంది.

దాంతో టీవీవాళ్లకు కనబడింది పొడిగా తుడిచిన ఇల్లు, ఏ పనీ లేక గోడకానుకుని కూర్చున్న ముసలామె. వాళ్లను అనడానికేముంది? చూసినదానికి తగ్గట్టే చేశారు. మోకాళ్లకని బటన్ నొక్కితే కాళ్లు పైకి లేచే కుర్చీ పెట్టారు. వంటగదిలో పైకప్పుదాకా అరలు కట్టారు. వాటిమధ్య పట్టేలా సన్నటి ఫ్రిజ్. భువనకు మంచం, బల్ల, బల్లమీద దీపం. నేలకి చెక్కరంగు పలకలు.

ఆ ఆరు రోజులూ ఇంటివాళ్లను వేరేచోట ఉంచారు. పలకలు పరుస్తున్నప్పుడు మందుబిళ్లల కోసం అప్పలమ్మ ఒకసారి ఇంటికొచ్చింది. బయట ఈ ఖర్చంతా పెట్టుకుంటున్న బ్యాంకువాళ్లు ఒకే రంగు టీషర్టులు వేసుకుని, బ్రష్షులు పట్టుకుని కెమెరా ముందు నిలబడ్డారు. లోపల అసలు పని చేస్తున్నవాళ్లు నలుగురు. వాళ్లలో ఒకడు మోకాళ్లమీద వంగి పలక సర్దుతూ తెలుగులో ఏదో గొణుక్కున్నాడు. ఏ ఊరు నాయనా అంటే పలాస అన్నాడు. పేరు దానయ్య. వర్క్ పర్మిట్ మీద వచ్చి ఆరేళ్లయింది.

"పిన్నీ, ఒక మాటడగతాను," అన్నాడు లేచి నిలబడి. "ఈ సెక్క తడికి ఆగదు. ఓ బకెట్ నీల్లు ఒలికినా అంచులు పొంగిపోతాయి. ఇంట్లో తడిపనేటైనా సేత్తారేటి? ఉంటే సెప్పు. సూపర్‌వైజర్‌కి సెప్పి ఈ గదికి పాత టైల్సే ఉంచీమంతాను."

ఆమె నోటిదాకా వచ్చింది. గుమ్మంలో కెమెరా ఉంది, దాని వెనక బ్యాంకువాళ్లు. ఇంత ఖర్చుపెట్టి రెండుచేతులా ఇస్తున్నవాళ్లకి ఇది వద్దు, అది కావాలని చెప్పడానికి నోరెలా వస్తుంది?

"నేదు నాయనా. తడిపనులేటీ నేవు," అంది.

దానయ్య ఒక క్షణం ఆమె చేతులవైపు చూశాడు. పూలరసానికి గోళ్లు ఎప్పుడో నల్లబడిపోయి ఉన్నాయి. మళ్లీ వంగి పనిలో పడ్డాడు.

ఏడో రోజున తలుపు తెరిచినప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. నాలుగుసార్లు తెరిపించారు. నాలుగోసారి తొందరలో మోకాలు తలుపుకి కొట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగాయి. టీవీలో వచ్చింది అదే. చూసినవాళ్లందరూ అప్పలమ్మ ఆనందబాష్పాల గురించి కల్పనకు ఫోన్లు చేశారు.

మేలు జరగలేదంటే అబద్ధమవుతుంది. భువన మొదటి రాత్రి మంచంమీద అటునుంచి ఇటు, ఇటునుంచి అటు దొర్లి దొర్లి నవ్వింది. బల్ల వచ్చాక లెక్కల్లో మార్కులు పెరిగాయి. పాత పరుపులు తీసుకెళ్లి మందు కొట్టించడంతో నల్లులు పోయాయి. నాలుగు నెలలు హాయిగా పడుకున్నారు. తర్వాత అవి గోడల సందుల్లోంచి మళ్లీ వచ్చాయి. ఆ అంతస్తులో పది ఇళ్లుంటే మందు కొట్టింది ఒక్క ఇంటికి. వచ్చినవి ఈసారి కొత్త మంచం చెక్కల్లో మరింత సుఖంగా కాపురం పెట్టాయి.

కారిడార్ గోడకి రంగు కెమెరాలో పడినంతవరకే వేశారు. మక్‌చిక్ కిటికీ సగందాకా కొత్త రంగు, మిగతా సగం పాతది. దాని గురించి ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. కాకపోతే తలుపు తీసుకుని కూర్చునే మనిషి, తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. నెలనెలా బియ్యం, నూనె పంచే సంస్థవాళ్లు ఈ ఇంటి పేరు జాబితాలోంచి తీసేశారు. టీవీలో వచ్చినవాళ్లకి సాయానికి కొదవేమిటని వాళ్ల లెక్క. అందులో తప్పు పట్టడానికీ లేదు. బయటినుంచి చూస్తే అలాగే ఉంది మరి.

తుప్పు ఫ్రిజ్‌కి కొత్త వంటగదిలో చోటు లేకపోయింది. కొన్నాళ్లు కారిడార్‌లో పెట్టారు. దారిలో సామాన్లు పెట్టకూడదని కాగితం అంటించారు. పాతసామాన్లవాడికి పది డాలర్లకి ఇచ్చేశారు. పూలు మొదట హాల్లోనే ప్లాస్టిక్ కాగితం పరిచి కట్టింది. నీళ్లు కాగితం కిందికి ఎలా వెళ్లాయో వెళ్లాయి, రెండో వారానికే కిటికీ దగ్గర పలక అంచు ఉబ్బి పైకి లేచింది. ఏడాది తర్వాత మళ్లీ వస్తామనీ, అంతవరకూ ఇంటిని ఇలాగే ఉంచాలనీ కాగితంమీద కల్పన సంతకం పెట్టింది. పాడుచేస్తే డబ్బు కట్టమంటారేమోనని తల్లీకూతుళ్లిద్దరూ హడలిపోయారు. ఇంట్లో తడి తగిలినా పర్లేని చోటు ఇక ఒక్కటే మిగిలింది. స్నానాలగది. కక్కసు కూడా అందులోనే.

అక్కడ కూర్చుని ఏడు నెలలు కట్టింది. కాలు చాపితే పాదం గోడకి ఆనేది. దేవుడికి వెళ్లే పూలు. ప్రతి రోజూ మొదటి ముడి వేసేముందు కళ్లు మూసుకుని తప్పు కాయమని వేడుకునేది. ఒకనాడు అవసరపడి వేలాయుధమే స్వయంగా వచ్చాడు. స్నానాలగది తలుపు తెరిచే ఉంది. అతను చూశాడు, చెప్పులు వేసుకున్నాడు, పూలు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి పని పోయింది. అతనిమీద ఆమెకు కోపం రాలేదు. అతను పైకి అననిమాట ఆమె రోజూ తనలో తాను అనుకుంటున్నదే.

మూరకి అరవై సెంట్లు. రోజుకి యాభై మూరలు కట్టేది, ముప్ఫై డాలర్లు. అది పోయాక కల్పన రెండో షిఫ్టు పట్టింది. పొద్దున చాంగీ బిజినెస్ పార్క్‌లో ఆఫీసుల బాత్రూములు కడుగుతుంది. సాయంత్రం ఇంకోచోట మెట్లు తుడుస్తుంది. మొగుడు ఏడేళ్ల కిందట పనికని సరిహద్దు దాటి జోహోర్ వెళ్లి మళ్లీ రాలేదు. మారిన ఇంట్లో అందరికన్నా తక్కువసేపు ఉండేది కల్పనే. అయిదు నెలలు చూసి చూసి, నిన్న అప్పలమ్మ వేలాయుధం కొట్టుకి వెళ్లి గంటసేపు నిలబడింది. ఇకనుంచి హాల్లోనే, శుభ్రమైన చోటే కడతానని మాట ఇచ్చింది. నేల ఉబ్బితే ఉబ్బనీ అనుకుంది. అలా దొరికింది ఈ నూట పది మూరల పని.

కల్పన చెప్పులేసుకుని పక్కింటికి వెళ్లి, అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది.

"మక్‌చిక్ సరే అంది. తెచ్చి పెట్టమంది. నేను బకెట్లు పట్టుకెళ్తా, నువ్వు పూలు తే. అక్కడే కూర్చుని కట్టుకో. వాళ్లు పిలిస్తే మాత్రం వచ్చి కుర్చీలో కూర్చో."

"దాని ఇంట్లో ముగ్గురు పిల్లలు, మనవలు. కాలెక్కడ సాపాల?"

"ఒక గంటే కదమ్మా."

"ఆళ్ల గంట నాకు తెల్దేటి? ఆ రోజు తలుపు తియ్యడానికే పూటంతా పట్టింది." అప్పలమ్మ కొత్త దారం బొటనవేలికి తగిలించింది. "ఉండనీ. ఇక్కడే కడతాను."

"నేల చూస్తారమ్మా! పూలు చూస్తారు!"

"సూడనీ."

ఆ మాట అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. కల్పన బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తల్లి గొంతులో మొండితనం ఏమీ లేదు. వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది. కల్పనకు ఏం చెయ్యాలో తోచక బకెట్‌ను ఉన్నచోటే దింపి, నిలబెట్టిన సోఫా అంచున నుదురు ఆనించింది. పదిహేను గంటలు నిలబడి పనిచేసే ఆడది, ఉన్న ఒక్క సెలవురోజున కూర్చోవడానికి సోఫా కూడా లేక అలా నిలబడే కళ్లు మూసుకుంది.

ఒంటిగంటన్నరకి భువన స్కూలు బ్యాగుతో వచ్చింది. పద్నాలుగేళ్లు. గుమ్మంలోనే మల్లెల వాసనకి ఆగి, సంగతి తెలుసుకుని, గబగబా షూస్ విప్పింది.

"అమ్మమ్మా, వై లైక్ దట్? టుడే ఓన్లీ లా. వన్ అవర్ పక్కింట్లో కూర్చో, ప్లీజ్."

"ఒన్నవరు ఆగితే ఆరింటికి అవదే."

"లాప్‌టాప్ ఇస్తున్నారు అమ్మమ్మా. స్కూల్లో అందరికీ ఉంది. నేను లైబ్రరీలో ముందే బ్యాగ్ పెట్టి సీటు చోప్ చేసుకోవాలి, ఎవ్రీ డే. సీటు దొరక్కపోతే హోంవర్క్ లేదు." ఆ పిల్ల అప్పలమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది. బడి చివరి పరీక్షలు వచ్చే ఏడాదో ఆపై ఏడాదో. దానికి తెలిసిన లోకమంతా ఆ పరీక్షల ఇవతలే ఉంది. "నీకు పూలు ఇంపార్టెంట్, నాకు తెలుసు. బట్ నాకు..."

 అప్పలమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. ఈ పిల్ల కావాలని నోరు తెరిచి అడిగిన వస్తువు పుట్టాక ఇదొక్కటే. ఆ సంగతి అప్పలమ్మకు బాగా తెలుసు. తెలిసీ ఏమీ అనిపించకపోవడం చూసి తనమీద తనకే జాలేసింది.

"నీ పెట్టి నీకిత్తారే. నానేటి అడ్డమా? నా పని నాను సేసుకుంతాను, ఆళ్ల పని ఆళ్లు సేసుకుంతారు," అంది.

టీవీవాళ్లు రెండింటికని చెప్పి రెండు నలభైకి వచ్చారు. అప్పటికి ఎనభై నాలుగు మూరలయ్యాయి. ముందు గీతాంజలి వచ్చింది. వెనక యాంకర్ శ్యాంసుందర్, కెమెరా మనిషి, రంగుకాగితం చుట్టిన డబ్బా. గీతాంజలిది హైదరాబాద్. ఇక్కడే చదువుకుని, టీవీలో చేరి ఆరేళ్లయింది. మనిషి మంచిది. ఏడో రోజున అప్పలమ్మకన్నా ముందు ఏడ్చింది ఆ పిల్లే.

హాల్లోకి ఒక అడుగు వేసి ఆగిపోయింది. కిటికీ దగ్గర పొంగి లేచిన పలక, తడిసిన గోనెలు, పూల గుట్ట, మధ్యలో కాలు చాపుకుని అప్పలమ్మ.

"అమ్మమ్మగారూ, ఏమిటండీ ఇదంతా? మీరు పూలు కడతారా?"

"కడతానమ్మా."

"ఎప్పటినుంచి?"

"ముప్ఫై ఏళ్లవతంది."

గీతాంజలి మెల్లగా నేలమీద కూర్చుంది. లేచిన పలక అంచును వేలితో నొక్కి చూసింది. "మాకు చెప్పలేదేంటండీ? చెప్పి ఉంటే టైల్స్ ఉంచేవాళ్లం. మీకు సింక్ కట్టించేవాళ్లం, ఫ్రిజ్ పెద్దది ఇప్పించేవాళ్లం. అన్నీ చేసేవాళ్లం కదా!"

"మీరడగనేదు. నాను సెప్పనేదు," అంది అప్పలమ్మ. "తప్పు నాదే అనుకో తల్లీ. మీ కుర్రోడు దానయ్య అడిగీనాడు కూడాను. నేదనీసినాను."

ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజమైన నీళ్లే. శ్యాంసుందర్ అప్పటికే గది నాలుగు మూలలనుంచీ చూస్తున్నాడు, రెండు చేతుల వేళ్లతో చట్రంలా పట్టి. అతని మొహం వెలిగిపోతోంది.

"గీతా, ఇది చాలా బాగుంది. ఆంటీ కుర్చీలో కూర్చోవడం కన్నా వంద రెట్లు బాగుంది. బిఫోర్‌లో ఏ పనీ లేకుండా గోడకానుకుని ఉంది, గుర్తుందా? ఆఫ్టర్‌లో సొంత వ్యాపారం! ఇల్లు మారింది, జీవితం మారింది." అతను అప్పలమ్మ ముందు వంగాడు. "ఆంటీ, మీరు ఒక్క మాట చెప్పాలి. ఈ కొత్త ఇల్లు వచ్చాకే పూల పని మొదలుపెట్టాను, నా కాళ్లమీద నేను నిలబడ్డాను అని. చాలు. ఇంకేం వద్దు. అయిదు నిమిషాలు."

"ఆ కుర్చీలో కూర్చుని కడితే లైట్ బాగా పడుతుంది," అన్నాడు కెమెరా మనిషి.

"కుర్సీలో కూకుంటే దారం దేనికి తగిలించాల బాబూ?" అని అడిగింది అప్పలమ్మ. అతను ఆమె కాలివేలివైపు చూసి, కెమెరాను నేలకి దించాడు.

కెమెరామీద ఎర్రదీపం వెలిగింది. శ్యాంసుందర్ గొంతు మార్చి ప్రశ్న అడిగాడు. అప్పలమ్మ ముడి వేసింది. మళ్లీ అడిగాడు. మరో ముడి వేసింది. సిగ్గుపడుతోందేమో అనుకుని మూడోసారి బుజ్జగింపుగా అడిగాడు.

"నాను అనను," అంది.

"అమ్మా!" అంది కల్పన వంటగది గుమ్మంలోంచి.

"ఒక్క మాటే కదండీ అమ్మమ్మగారూ," గీతాంజలి ఆమె మోకాలిమీద చెయ్యి వేసింది. "నేను మీకు నిజం చెప్తాను. స్పాన్సర్లు ఈ ఎపిసోడ్ చూసి, మన వల్ల మార్పు వచ్చిందనుకుంటేనే వచ్చే సంవత్సరం డబ్బులు పెడతారు. ఈ బ్లాక్‌లోనే ఇంకో మూడిళ్లు అడిగాను. మీ పక్కింటిది కూడా రాశాను. ఈసారి ముందే అన్నీ అడిగి చేస్తాం. ప్రామిస్."

తెరిచిన తలుపు అవతల మక్‌చిక్ నిలబడి ఉంది. బకెట్లు తెస్తారని ఎదురుచూసి, రాకపోయేసరికి వచ్చినట్టుంది. తెలుగు అర్థం కాలేదుగాని గీతాంజలి రెండో చెయ్యి పక్కింటివైపు చూపించడం కనబడింది. అప్పలమ్మ ఆమెను చూసింది. సగం రంగు వేసిన గోడ, ఆ గోడ పక్కన ఆమె. ఆ ఇంటికి మంచి జరిగితే వద్దంటుందా? వద్దనదు. తను ఒక అబద్ధం చెబితే జరుగుతుందంటే మాత్రం ఆ లెక్క ఎటునుంచి చూసినా ఆమె బుర్రకు ఎక్కలేదు.

"ముప్ఫై ఏళ్లనించీ సేత్తన్న పనమ్మా ఇది. మీరు రాకముందు ఈ గదిలో కూకుని రోజుకి యాభై మూరలు కట్టేదాన్ని. మీరొచ్చి ఎల్లినాక పోనాది. మల్లీ ఇప్పుడు కాళ్లట్టుకుని తెచ్చుకున్నాను. మీవల్లే వచ్చిందని ఎలగంతాను?"

గీతాంజలి చెయ్యి తీసేసింది.  శ్యాంసుందర్ వాచీ చూసుకున్నాడు. నాలుగింటికి అతను ఇంకోచోట ఉండాలి.

"సరే, ఆంటీని ఇబ్బంది పెట్టొద్దు. ఆవిడ పూలు కడుతుంటే అలాగే తీద్దాం, ఏం మాట్లాడక్కర్లేదు. పాప చెప్తుంది." అతను డబ్బాను భువన ఒళ్లో పెట్టి, కెమెరాను అటు తిప్పించాడు. "భువనా, నీకు తెలుసు కదమ్మా. అమ్మమ్మ ఇదివరకు ఊరికే కూర్చునేది, కొత్త ఇల్లు వచ్చాక పూల పని మొదలుపెట్టింది. నీ మాటల్లో చెప్పు. ఇంగ్లీష్‌లో చెప్పినా పర్లేదు. చెప్పగానే గిఫ్ట్ ఓపెన్ చేద్దాం."

భువన డబ్బామీద రెండు చేతులూ వేసింది. అమ్మవైపు చూసింది. కల్పన తల దించుకుంది. అమ్మమ్మవైపు చూసింది. రంగుకాగితం కింద డబ్బా అంచును ఆ పిల్ల వేళ్లు తడుముతున్నాయి. పెదవులు తడుపుకుని, చెప్పబోతున్నదానిలా ఊపిరి పీల్చింది.

అప్పుడు అప్పలమ్మకు లోపల ఏదో అయింది.  చాలాకాలానికి వచ్చింది కాబట్టి అది కోపమని మొదట ఆమెకు తెలియలేదు. తన నేల తీసుకున్నారు, ఊరుకుంది. పని పోయింది, ఊరుకుంది. తన నోటితో అబద్ధం చెప్పమంటే అననంది, అంతటితో అయిపోయిందనుకుంది. ఈ పిల్ల చేత చెప్పిస్తారని ఆమె అనుకోలేదు.

బొటనవేలినుంచి దారం ఊడదీసింది. నేలమీద చేతులు ఆనించి, మోకాళ్లు కటకటలాడుతుంటే లేచింది. ఎనభై ఆరో మూర సగంలో వదిలేసింది. నాలుగడుగులు వేసి కెమెరాకీ మనవరాలికీ మధ్య నిలబడింది. కెమెరా అద్దంలో ఇప్పుడు ఆమె చీర తప్ప ఇంకేమీ కనబడదు.

"దాన్నడక్కండి," అంది. "నన్నేటి అడుగుతారో అడగండి. దాన్నడక్కండి. అది సెప్పదు."

ఎవరూ కట్ అనలేదు. గీతాంజలి నేలమీదే ఉంది.  గుమ్మంలో మక్‌చిక్ ఒక అడుగు లోపలికి వేసింది. గడియారం మూడుంపావు దాటింది. ఆరింటికి పూలు చేరడం ఇక కష్టమే. అప్పలమ్మకు అది తెలుసు.

వెనకనుంచి డబ్బా నేలమీద పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత భువన గొంతు, చిన్నగా.

"అమ్మమ్మా, పక్కకు జరుగు. నేను చెప్తా."

ఆ పిల్ల ఏం చెప్పబోతోందో అప్పలమ్మకు తెలియదు. ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె జరగలేదు.